తుఫాను జాబితాలో డయాలసిస్ వాళ్ల పేర్లు ఎక్కడ?

ఫైలిన్ తుఫాను వచ్చింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018 అక్టోబరు 11న. క్యాలెండర్ చూసి మరీ వచ్చినట్టున్నాయి. అందుకే శ్రీకాకుళం జిల్లాలో మా ఉద్దానం వైపు దసరా దగ్గర పడుతోందంటే కొత్త బట్టల సంగతి ఎలా ఉన్నా, బంగాళాఖాతంలో అల్పపీడనం ఏమైనా ఉందా అని ఫోన్లో చూసుకోవడం అందరికీ అలవాటైపోయింది. కళింగపట్నం పోర్టులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో బడికెళ్లే గుంటలు కూడా చెప్పేస్తారు.

నాకు సోంపేట దగ్గర చిన్న మందుల షాపు ఉంది. హెచ్చరిక వచ్చిన రోజు మా బజారు చూడాలి. కిరాణా కొట్ల ముందు నిలబడే చోటుండదు. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పాలపొడి, బంగాళాదుంపలు సాయంత్రానికల్లా అయిపోతాయి. నా షాపు మాత్రం ఖాళీ. బీపీ బిళ్లలు, షుగర్ బిళ్లలు ముందే తెచ్చి పెట్టుకుందామని వచ్చేవాళ్లు అరుదు. వాళ్లనీ తప్పు పట్టలేం. ఇక్కడ సగం మంది బిళ్లలు షీటు లెక్కన కొనరు, చేతిలో ఉన్న డబ్బును బట్టి కొంటారు. "నాలుగు రోజులకియ్యి బావూ, సంతరోజు మిగతావి పట్టుకెళ్తాను" అంటారు. గాలి వస్తోందని నెలకు సరిపడా కొనమంటే ఎక్కడి నుంచి తెస్తారు? గాలి వెళ్లిపోయాక మూడో రోజు నుంచి మొదలవుతుంది నా షాపు ముందు రద్దీ. అప్పటికి నాకు సరుకు తెచ్చే వ్యాను పలాస దాటి రాదు, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ వేడెక్కుతూ ఉంటుంది, ఫోన్లు పనిచెయ్యవు.

ఈ మూడో రోజు గురించే రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఎందుకంటే మొదటి రోజు సంగతి మనవాళ్లు చాలావరకు నేర్చుకున్నారు. 1999 అక్టోబరు 29న ఒడిశాను కొట్టిన సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10,000 మంది పోయారు. పద్నాలుగేళ్ల తర్వాత అదే ఒడిశా తీరానికి ఫైలిన్ వస్తే పోయినవాళ్లు పదుల్లో ఉన్నారు. ముందే చెప్పడం, లక్షల మందిని ఖాళీ చేయించడం, షెల్టర్లు కట్టడం ఇవన్నీ పనిచేశాయి. ఈ విషయంలో అధికారులను మెచ్చుకోకపోతే అన్యాయం. కానీ గాలికి, గోడ కూలడానికి, కరెంటు తీగకు పోయినవాళ్లనే మనం తుఫాను మృతులుగా లెక్కేస్తాం. వారం తర్వాత ఇన్సులిన్ లేక, రోడ్డు లేక, ఆక్సిజన్ మిషన్‌కు కరెంటు లేక పోయినవాడు ఆ లెక్కలోకి రాడు. "పెద్దాయన, ముందే ఒంట్లో బాగాలేదు" అనేస్తారు.

2017లో ప్యూర్టోరికో ద్వీపాన్ని మరియా తుఫాను కొట్టినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. అక్కడి ప్రభుత్వం చాలాకాలం చెప్పిన మృతుల సంఖ్య 64. తర్వాత జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మామూలుగా పోయేవాళ్లకంటే ఎంతమంది ఎక్కువ పోయారో లెక్క కడితే 2,975 అని తేలింది. 2018లో ప్రభుత్వం కూడా ఆ అంకెనే ఒప్పుకుంది. ఎక్కువ దెబ్బతిన్నది పేదలు, వయసు మళ్లినవాళ్లు. అక్కడ నెలల తరబడి కరెంటు రాలేదు. మన దగ్గర అలాంటి లెక్క కడితే ఎంత వస్తుందోనని నాకు ఎప్పుడూ ఒక అనుమానం.

ఇక మా ఉద్దానం సంగతి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకింత ఉందో దశాబ్దాలుగా పరిశోధిస్తున్నా కారణం ఇదీ అని తేలలేదు. బయటివాళ్లకు వింతగా ఉంటుంది కానీ మా దగ్గర ఇద్దరు కలిస్తే వర్షం, జీడిపిక్కల రేటు అయ్యాక మూడో మాట క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె. చదువురాని ముసలమ్మ కూడా తన అంకె పాయింటుతో సహా చెబుతుంది. డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లకు వారానికి రెండుసార్లో మూడుసార్లో, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద పడుకోవడమంటే అన్నం తినడం లాంటిదే. ఒక పూట మానితే నీరసం, రెండు పూటలు మానితే ప్రాణం మీదకొస్తుంది.

మా మేనమామకు సోమవారం, గురువారం డయాలసిస్ ఉండేది. తిత్లీ తీరం దాటింది గురువారం తెల్లవారుజామున, గంటకు 140-150 కిలోమీటర్ల గాలితో, మా నెత్తి మీద నుంచే. తెల్లారాక బయటికొస్తే ఊరు గుర్తుపట్టలేకపోయాం. తాతల నాటి కొబ్బరిచెట్లు రోడ్డుకు అడ్డంగా వరసగా పడి ఉన్నాయి, జీడిమామిడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఉద్దానం అంటే ఉద్యానవనం అని చెప్పుకునే ప్రాంతం కదా, ఆ తోటే మాకు అడ్డుగోడ అయిపోయింది. అంబులెన్స్ సంగతి పక్కన పెట్టండి, సైకిల్ నడిపించుకుని వెళ్లడానికి కూడా దారి లేదు. ఆ రోజు డయాలసిస్ లేదు. మర్నాడు కూడా లేదు.

ఇక్కడే బయటివాళ్లకు తెలియని ఒక సంగతి చెప్పాలి. కరెంటు లేదు కాబట్టి మోటార్లు లేవు, మోటార్లు లేవు కాబట్టి నీళ్లు లేవు. కానీ ఎటు చూసినా కొబ్బరి బొండాలే, నేల నిండా. జనం వాటినే కొట్టుకుని తాగారు, పిల్లలకూ అవే పట్టారు, ఎవరింటికి వెళ్లినా ముందు బొండాం కొట్టి ఇచ్చారు. మంచి మనసుతోనే. కానీ కొబ్బరి నీళ్ల నిండా పొటాషియం. ఒక్క బొండాంలోనే అర గ్రాముకు పైమాటే. మామూలు మనిషికి అది బలం, కిడ్నీ పనిచెయ్యని మనిషికి డయాలసిస్ కూడా తప్పిపోయినప్పుడు అది గుండెను ఆపేసే విషం. మామకు అప్పటికే కాళ్లు ఉబ్బాయి, దాహం, మంచం మీద నుంచి లేచి పెరట్లోకి వెళ్లి తనే బొండాం తెచ్చుకున్నాడు. మా అత్త చేతిలోంచి కత్తి లాక్కుని బియ్యం డబ్బాలో దాచేసింది. "డాక్టరుగారు ఏటి చెప్పినారు? నోరు తడుపుకో, మింగకు" అని గ్లాసుతో రెండు గుక్కల నీళ్లు ఇచ్చి పక్కనే కూర్చుంది. ఆవిడ చదివింది అయిదో తరగతి. ఆ వారం మా ఊళ్లో వైద్య సన్నద్ధత అంటూ ఏదైనా ఉందంటే అది ఆవిడే.

వారాంతానికి కుర్రాళ్లు కొంత దారి చేశారు. మామను బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి, చెట్లు పడిన చోట దించి ఎత్తుకుని దాటించి, మొత్తానికి ఒక సెంటరుకు చేర్చాం. పేరు ఎందుకులెండి. అక్కడ మిషన్లు ఉన్నాయి, టెక్నీషియన్ కూడా ఎలాగో వచ్చాడు, జనరేటర్ కూడా ఉంది. డీజిల్ లేదు. పక్క బంకులో ఉన్నా పంపు ఆడటానికి కరెంటు లేదు. డీజిల్ దొరికాక నీళ్ల గొడవ. డయాలసిస్ మిషన్‌లో నిమిషానికి అర లీటరు చొప్పున ద్రవం పోతుంది, నాలుగు గంటలకు 120 లీటర్లు, అదీ ఆర్వోలో బాగా శుద్ధి చేసిన నీళ్లే, ఆ ఆర్వో వదిలేసే వృథా నీళ్లు అదనం. అంటే ఒక్క మనిషికి ఒక్కసారికి వందల లీటర్లు కావాలి. జనరేటర్ పెట్టినవాళ్లకు ట్యాంకర్ గుర్తు రాలేదు. చివరికి హైవే ఎక్కి శ్రీకాకుళం వైపు పోయి ఎక్కడో చేయించాం, బతికాడు. మా పక్కవీధి ఆవిడకు హైవే దాకా వెళ్లే వీలు చిక్కలేదు.

ఇప్పుడు అసలు మాట. ప్రతి తుఫానుకూ మన కలెక్టరేట్లో ఒక మంచి పని చేస్తారు. ప్రసవం తేదీ దగ్గర పడిన గర్భిణుల జాబితా తీసి, గాలి రాకముందే వాళ్లను పీహెచ్‌సీకో ఏరియా ఆసుపత్రికో తరలిస్తారు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి తీసుకెళ్తుంది. దీనివల్ల ఎంతమంది తల్లులు బతికి ఉంటారో. డయాలసిస్ వాళ్లకు కూడా ఇదే చెయ్యమని అడుగుతున్నాను, అంతే. జాబితా ఎక్కడుంది అంటారేమో. ప్రభుత్వం దగ్గరే ఉంది! డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నెలనెలా 10,000 రూపాయల పింఛను వస్తోంది. సచివాలయం సిబ్బంది ఇంటికే వెళ్లి చేతికిస్తారు. పేరు, ఊరు, వీధి, ఫోను నంబరు, మనిషి ఏ స్థితిలో ఉన్నాడో అన్నీ తెలుసు. పింఛను రోజు పనికొచ్చే జాబితా తుఫాను రోజు కంట్రోల్ రూములో ఎందుకు పనికిరాదు? మా ఊరి వరకు అయితే హెచ్చరిక వచ్చినప్పుడు ఆ జాబితా పట్టుకుని ఎవరైనా డయాలసిస్ వాళ్ల ఇంటికి వెళ్లడం నేను చూడలేదు.

అమెరికా ఆరోగ్యశాఖ ఎంపవర్ అని ఒక ఏర్పాటు నడుపుతోంది. కరెంటు మీద ఆధారపడిన వైద్య పరికరాలు వాడేవాళ్లు, డయాలసిస్ వాళ్లు ఏ ప్రాంతంలో ఎంతమంది ఉన్నారో బీమా రికార్డుల నుంచి తీసి మ్యాపు మీద పెడతారు, విపత్తు వచ్చినప్పుడు స్థానిక అధికారులకు ఇస్తారు. మనకు అంత పెద్ద సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. మండలానికి ఒక కాగితం చాలు.

తరలించి ఏం చేస్తారు అంటే, ముందే డయాలసిస్ చేసేస్తారు. ఇది నా సొంత తెలివి కాదు. 2012 అక్టోబరులో శాండీ తుఫాను న్యూయార్క్, న్యూజెర్సీ వైపు వస్తోందని తెలిశాక అక్కడి చాలా సెంటర్లు తమ పేషెంట్లను వాళ్ల వంతు రాకముందే పిలిచి డయాలసిస్ చేసి పంపేశాయి. తర్వాత లెక్కలు చూస్తే అలా ముందే చేయించుకున్నవాళ్లలో ఎమర్జెన్సీకి పరుగెత్తినవాళ్లు, ఆసుపత్రిలో చేరినవాళ్లు, నెలలోపు చనిపోయినవాళ్లు మిగతావాళ్లకంటే తక్కువ. తుఫాను అనేది భూకంపంలా చెప్పకుండా వచ్చేది కాదు, మూడు నాలుగు రోజుల ముందే తెలుస్తుంది. ఆ రోజుల్లో రాత్రి షిఫ్టు కూడా పెట్టి, గురువారం వాళ్లకు బుధవారమే చేసేస్తే, గాలి వెళ్లాక రోడ్లు తెరుచుకునే దాకా ఊపిరి తీసుకునే టైము దొరుకుతుంది. సిబ్బందికి అదనపు గంటలకు ఓవర్‌టైం డబ్బులు ఇవ్వాలి, ఫిల్టర్లు, ట్యూబులు, సెలైన్లు అదనంగా తెప్పించాలి. ఖర్చే. కానీ పదిమందిని వైజాగ్ ఐసీయూలో పెట్టే ఖర్చు ముందు అదెంత?

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో వచ్చాయి. హిరమండలం నుంచి తాగునీళ్ల పైపులైను కూడా వచ్చింది. ఎవరు కట్టారు, ఎవరు రిబ్బన్ కత్తిరించారు అన్న గొడవలోకి నేను వెళ్లను, ఆ గొడవకు మా ఊళ్లో రచ్చబండ ఉంది. మంచి ఆసుపత్రి దగ్గర్లో ఉండటం చాలా పెద్ద విషయం. అయితే కవిటి అవతల కొబ్బరితోటల్లో ఉన్న ఊరి నుంచి పలాస చేరాలంటే మధ్యలో చెట్లు తియ్యాలి కదా. రోడ్లు భవనాల శాఖ వాళ్లు ఏ రోడ్డు ముందు క్లియర్ చెయ్యాలో నిర్ణయించేటప్పుడు డయాలసిస్ వాళ్లున్న ఊళ్ల దారి మొదట రావాలి. కరెంటోళ్లు కూడా అంతే, ఆసుపత్రి ఫీడరుతో పాటు ఆ ఆసుపత్రికి నీళ్లిచ్చే బోరు ఏ లైను మీదుందో ముందే చూసుకోవాలి. మా సెంటర్లో దెబ్బకొట్టింది అదే.

మెడికల్ క్యాంపుల గురించి ఒక మాట. తుఫాను తర్వాత ఊళ్లో క్యాంపు పెట్టి అందరికీ ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచుతారు. మంచిదే, విరేచనాలకు అదే మందు. కానీ ఓఆర్ఎస్‌లో ఉప్పు, పొటాషియం ఉంటాయి. "నీరసంగా ఉంది" అన్న ప్రతి ముసలాయన చేతిలో రెండు ప్యాకెట్లు పెట్టేసే ముందు "డయాలసిస్ ఉందా నాన్నా?" అని ఒక్క ప్రశ్న అడగాలి. చేతి మీద ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉబ్బు కనబడుతూనే ఉంటుంది, వేలు పెడితే తేనెటీగలా జుమ్మంటుంది, చొక్కా చెయ్యి పైకి మడిస్తే చాలు. షెల్టర్లలో ఇచ్చే పులిహోర పొట్లాలు, ఆవకాయ ప్యాకెట్లు కూడా వీళ్లకు ఇబ్బందే. ఉప్పు తిన్నకొద్దీ దాహం, తాగినకొద్దీ ఊపిరితిత్తుల్లో నీరు. ఉప్పు లేని అన్నం ఒక గిన్నె పక్కన పెట్టడం కష్టమేమీ కాదు.

నీళ్ల సంగతి విజయనగరం వాళ్లను అడగాలి. 2024 అక్టోబరులో గుర్ల మండలంలో అతిసారం ప్రబలి మనుషులు పోయారు, దానికి తుఫాను కూడా అక్కర్లేకపోయింది. బావుల్లో బ్లీచింగ్ చల్లేశాం అని పేపర్లో ఫొటో వేయించుకోవడం వేరు, నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉండటం వేరు. బ్లీచింగ్ బస్తా మూతి విప్పి తేమలో వదిలేస్తే కొన్నాళ్లకు సున్నంతో సమానం. ట్యాంకులో కాదు, చివరింటి కుళాయి దగ్గర నీళ్లు పట్టి క్లోరోస్కోపు అనే చిన్న పరీక్ష కిట్టులో, దాంతో వచ్చే ద్రావణం చుక్కలు వేసి చూడాలి. పసుపు రంగు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు, తిరగకపోతే ఎన్ని బస్తాలు చల్లినా లేనట్టు. ఆ కిట్టు పంచాయతీల్లో ఉంటుంది. అడిగి చూడండి, మా దగ్గర బీరువా తాళం వెతకడానికే సాయంత్రం అయింది. క్లోరిన్ మాత్రలు ఇంటికిస్తే ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం బిందెలో వేసి అరగంట ఆగి తాగాలి. చాలామంది వేసిన వెంటనే తాగేసి వాసన వేస్తోందని పారబోస్తున్నారు.

రైలు ప్రమాదాల్లాంటివి వేరే రకం. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్లు గుద్దుకుని 14 మంది పోయారు. అలాంటి రాత్రి మూడు రోజుల నోటీసు ఉండదు. అక్కడ కావాల్సింది బ్లడ్ బ్యాంకులో నిల్వ, గాయపడినవాళ్లను చూసి ఎవరిని ముందు పంపాలో తేల్చగలిగే నర్సులు, దానికోసం ఏడాదికోసారైనా నిజంగా చేసే డ్రిల్లు. అది ఇంకోసారి రాస్తాను. నా బాధ ఏంటంటే నోటీసు ఇచ్చి మరీ వచ్చే ఆపదకు కూడా మనం సిద్ధంగా లేకపోవడం.

ఇక మీలో హైదరాబాద్, బెంగళూరు, గల్ఫ్ ఎక్కడో ఉండి ఇక్కడ అమ్మానాన్నలను వదిలి వెళ్లినవాళ్లు చాలామంది ఇది చదువుతారని తెలుసు. తీరం దాటిందని టీవీలో చూసి ఫోన్ కలవక టెన్షన్ పడేకంటే సెప్టెంబరులోనే ఓ నెల మందులు అదనంగా కొనిపెట్టండి. బీపీ, షుగర్ లాంటి ఎన్‌సీడీ మందులు పీహెచ్‌సీలో తీసుకునేవాళ్లయితే ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంను అడగండి. ఈ తుఫాను రోజుల్లోనైనా ఒకేసారి రెండు నెలల మందులు ముందస్తుగా ఇచ్చే ఏర్పాటు ఉండాలని నేను ఎప్పటి నుంచో అంటున్నాను. డాక్టరు చీటీ ఫొటో మీ ఫోన్లో ఉంటే సరిపోదు, జిరాక్సు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంట్లో దేవుడి పటం వెనక పెట్టించండి. షెల్టరుకు వెళ్లేటప్పుడు ఆధార్ కార్డుతో పాటు అదీ పట్టుకెళ్తారు. ఇన్సులిన్ గురించి భయపడొద్దు. మామూలుగా వాడుకలో ఉన్న సీసా మరీ వేడి తగలని చోట నాలుగు వారాల దాకా ఉంటుంది, కరెంటు లేనప్పుడు తడిగుడ్డ చుట్టిన కుండలో కవరు కట్టి పెడితే నడిచిపోతుంది. ఐసు మీద నేరుగా మాత్రం పెట్టకండి, గడ్డకడితే ఇక పారెయ్యడమే. జనరేటర్ ఉన్నవాళ్లు దాన్ని ఇంట్లో, వరండాలో నడపొద్దు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన తెలియకుండానే చంపేస్తుంది.

మేం ఊళ్లో చేసుకున్నది చిన్నదే. నా షాపులో ఒక పాత ఖాతా పుస్తకంలో చుట్టుపక్కల ఊళ్లలో డయాలసిస్, ఇన్సులిన్, ఫిట్స్ మందులు వాడేవాళ్ల పేర్లు వాళ్లను అడిగే రాసుకున్నాను, ఎవరికి ఏ రోజు వంతు, ఏ సెంటరు, ఇంటి దగ్గర బండి ఉందా లేదా అన్నది కూడా. ఏఎన్ఎం మేడం కాపీ తీసుకున్నారు, తన పై ఆఫీసరుకు చూపిస్తానన్నారు. కుర్రాళ్లు తిత్లీ అయ్యాక చందాలు వేసుకుని కొన్న చెట్లు కోసే మిషన్ సంఘం గదిలో ఉంది. ఇన్నేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, పెట్రోలు ట్యాంకులో తుప్పు పట్టిందో ఏమో. ఒరే, ఒకసారి స్టార్ట్ చేసి చూడండర్రా అని మొన్న చెప్పాను. ఈ ఆదివారం మెకానిక్కును పిలుస్తామన్నారు, కొత్త చైనుకు డబ్బులు ఎవరివ్వాలన్న దగ్గర ఆగింది.